బొటనవేలి భయం

మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే భయాలు కాస్త బరువుగా ఉంటాయి. ఎందుకో వకుళ మేడమ్‌కే తెలియదు, ఇక హైమకేం తెలుస్తుంది? కుర్చీలో వెనక్కి వాలి, తలకి మెత్తటి పట్టీ తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని మనిషి గుండెదడ తన గుండెలోకి వచ్చి పడటం కోసం ఎదురుచూడటమే ఆమె ఉద్యోగం.

సంస్థ పేరు అభయ. విజయవాడ ఆటోనగర్ దాటాక, కింద టైర్ల దుకాణం, పైన ఈ అభయ. కాగితాల మీద వీళ్ళని వాహకులు అంటారు. వీళ్ళలో వీళ్ళు మాత్రం మోసేవాళ్ళం అనుకుంటారు. జీతం ఫరవాలేదు, ఏసీ ఉంది, టీ ఊరికే ఇస్తారు. కూర్చుని చేసే పని కదా అని చుట్టాలు కుళ్ళుకుంటారు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు పచ్చిపుండవుతుందంటే ఎవరూ నమ్మరు కాబట్టి హైమ చెప్పడం మానేసింది.

చేరిన రోజున వకుళ మేడమ్ పని నేర్పించిన తీరు ఆమెకి ఇంకా గుర్తే. మేడమ్ తన జబ్బకి ఏదో కట్టుకుని, హైమ తలకి పట్టీ పెట్టి, ఫోన్ తీసి సొంత డబ్బుతో ఏదో క్రిప్టో నాణెం కొంది. కొన్న క్షణం నుంచీ దాని ధర జారడం మొదలుపెట్టింది. మేడమ్ నిదానంగా నారింజ ఒలుచుకుంటోంది. హైమకి మాత్రం నోరు ఎండిపోయింది, అరచేతులు తడిసిపోయాయి. ఆ డబ్బు తనది కాదని తెలిసినా లేచి పారిపోవాలనిపించింది.

"పదివేలో, పాతికవేలో పట్టుకుని ఈ బేరాల్లోకి దిగేవాళ్ళని ధర ముంచదు హైమా, వణికే చెయ్యి ముంచుతుంది" అంది మేడమ్. "పొద్దున్నే బుద్ధిగానే అనుకుంటారు. ఒక్క బేరంలో వందకి రూపాయికి మించి పోగొట్టుకోకూడదు, ఇక్కడిదాకా పడితే అమ్మేసి లేచిపోవాలి అని ముందే స్టాప్‌లాస్ గీత గీసుకుంటారు. తీరా ధర అక్కడికొచ్చాక చెయ్యి వణుకుతుంది. ఇంకాస్త చూద్దాంలే అని గీతని కిందికి జరుపుతారు. జరిపినకొద్దీ పోతూనే ఉంటుంది. ఆ వణుకుని వాళ్ళ చేతిలోంచి తీసేశామనుకో."

"తీసేసి ఎక్కడ పెడతారు మేడమ్?"

వకుళ నారింజ తొన ఒకటి ఆమె చేతిలో పెట్టింది. "అదే నీ ఉద్యోగం."

పనిలో పెద్ద మర్మమేమీ లేదు. ఎదురుగా తెర మీద ఖాతాదారుడి బేరం కనిపిస్తుంది. పేరుండదు, ఊరుండదు. కదిలే ధర, దాని కింద కదలని ఎర్రగీత. ధర గీతని తాకితే బేరం దానంతటదే తెగిపోతుంది. గీతని కిందికి జరపాలని ఖాతాదారుడికి బుద్ధి పుడితే ఆ కోరిక వీళ్ళ తెర మీదికి వస్తుంది. వీళ్ళు ఒప్పుకోకూడదు. కుడిచేతి కింద మీట నొక్కి కాదనాలి. వచ్చే లాభం మీద ఆశ పూర్తిగా అతని దగ్గరే ఉంటుంది, పోతుందన్న భయం పూర్తిగా వీళ్ళ దగ్గరుంటుంది. భయపడేవాడు గీత జరపనివ్వడు కాబట్టి ఖాతా నిలుస్తుంది. ఇదీ ఏర్పాటు. వినడానికి బాగానే ఉంది.

ఖాతాదారుల పేర్లు తెలియవు కాబట్టి మోసేవాళ్ళు వాళ్ళ భయాలకే పేర్లు పెట్టుకున్నారు. పక్క కుర్చీలో కూర్చునే సీతారత్నానికి వాంతి బాబు, గొంతుపట్టు అని ఇద్దరు ముదుర్లు తగిలారు. హైమకి దొరికినవాడు బొటనవేలు. అతని భయం ఎడమచేతి బొటనవేలి మొదట్లో చల్లగా మొదలయ్యేది. అక్కణ్ణించి మోచేతికి పాకి, ఛాతీలో కాసేపు కొట్టుకుని, మర్యాదగా వెళ్ళిపోయేది. చిన్న ఖాతా, చిన్న బేరాలు. పొద్దున్న చెప్పిన గీత దగ్గర తెగితే తెగిందనుకుని ఆ రోజుకి ఊరుకునేవాడు. వందకి రూపాయి దాటి ఎప్పుడూ ఒడ్డలేదు.

"మావాడు బుద్ధిమంతుడక్కా" అని హైమ గొప్పలు పోయేది.

"అందరూ మొదట్లో బుద్ధిమంతులేనే అమ్మాయ్" అనేది రత్నం, కణతలు నొక్కుకుంటూ. "నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కలేకపోయా తెలుసా? తలుపు మూసుకుంటుంటే ప్రాణం పోయినట్టయింది. నాకు లిఫ్ట్ అంటే ఏనాడూ భయం లేదు. ఇదెవరిదో నాకంటుకుంది."

హైమ నవ్వింది గానీ ఆ మాట ఆమెని వదల్లేదు. తనకీ ఈమధ్య అలాగే ఉంటోంది. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరినుంచి వెనక్కి వస్తోంది. కూతురు చిన్మయి స్కూలు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, కాళ్ళు చేతులు ఆడటం లేదు. పిల్ల దగ్గితే భయం, దగ్గకుండా పడుకుంటే మరీ భయం.

విచిత్రమేమిటంటే, ఆ ఇంట్లో భయపడే పని ఇదివరకు ఆమెది కాదు. మొగుడు శోభనాద్రిది. ఆటోనగర్‌లో ఇంకొకరి షాపులో డైనమోలకి వైండింగ్ చేస్తాడు. చేతిలో మంచి పనితనం ఉంది, గుండెలో ధైర్యమే లేదు. సొంత షాపు పెట్టుకోవాలని ఏళ్ళ తరబడి అడ్వాన్స్ కోసం కూడబెడుతూ, తీరా షాపు దొరికినప్పుడల్లా ఏదో వంక చెప్పి వెనక్కి తగ్గేవాడు. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే రాత్రీ పగలూ మంచం పట్టుకుని ఉండేవాడు. హైమ ఎన్నోసార్లు విసుక్కుంది కూడా. మగాడివి, కాస్త గుండె రాయి చేసుకోకూడదా అని.

వేసవికి ముందు ఒకరోజు అతను జబ్బకి తాయెత్తు కట్టుకుని వచ్చాడు. నల్లతాడు, దానికి వెండిరంగు చిన్న గొట్టం.

"ఎక్కడిదండీ?"

"ఎవరో ఇచ్చార్లే. కట్టుకుంటే మనసు కుదుటపడుద్దన్నారు."

నిజంగానే కుదుటపడింది. అతను నిద్రపోవడం మొదలుపెట్టాడు. అన్నం తింటూ కబుర్లు చెప్పాడు. పిల్లని స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని కాలవగట్టు మీద ఝామ్మని తిప్పాడు. ఏం మహిమ ఉందో ఈ తాయెత్తులో అనుకుని, ఒకరోజు అతను స్నానం చేసి తుడుచుకుంటుంటే హైమ దగ్గరికెళ్ళి ఆ గొట్టాన్ని కళ్ళకద్దుకుంది. పిల్లకీ ఒకటి తెమ్మని అడిగింది. అతను వింతగా చూసి, నవ్వి, చొక్కా వేసుకున్నాడు.

మోసేవాళ్ళ కంట ఖాతాదారులు కట్టుకునే పరికరం పడకూడదని అభయలో కట్టడి ఉంది. బస్సులోనో బజార్లోనో ఒకరినొకరు గుర్తుపడితే గొడవలని. చేరిన రోజున మేడమ్ జబ్బకి కట్టుకున్నది జాకెట్టు చేతికింద ఉంది, హైమ చూడలేదు. నలుగురిలో ఎవరూ అడగకుండా ఉండేందుకు దాన్ని తాయెత్తులా చేయించారన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

వానలు మొదలయ్యాక బొటనవేలు మారాడు. ముందు వందకి రెండు అన్నాడు, తర్వాత అయిదు. పొద్దున చెప్పిన గీతని మధ్యాహ్నం జరపమన్నాడు. హైమ కాదంది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ కాదంది. ఆ తర్వాత కొత్త విద్య నేర్చాడు. లెవరేజ్. అంటే చేతిలో పది రూపాయలుంటే ఈ బేరాలు నడిపే యాప్ అరువిచ్చి వందకి కొననిస్తుంది. ధర పదోవంతు పడితే ఆ పదీ హుళక్కి. చిన్న ఖాతా వాడు ముట్టుకోకూడని నిప్పు అది. అతను ముట్టుకున్నాడు. అవతల అతనికి చెమట కూడా పట్టి ఉండదు. చెమటంతా ఇవతల హైమకి పట్టింది.

"మేడమ్, భయం తీసేస్తే గీత జరపరన్నారు. వీళ్ళు గీతలే పెద్దవి గీస్తున్నారు" అందామె, టీ దగ్గర వకుళ కనిపిస్తే.

వకుళ కళ్ళజోడు తీసి ముక్కు మీద గుంటలు రుద్దుకుంది. ఆవిడా నిద్రలేని మొహంతోనే ఉంది. "తెలుసు. అందరి ఖాతాల్లోనూ అదే కనిపిస్తోంది. వణుకు పోతే నిబంధన నిలబడుతుందనుకున్నా. ఆ నిబంధనని పట్టుకుని ఉన్నదే ఆ వణుకని నాకు తట్టలేదు. ఇంకో నెల చూసి ఆపేద్దామంటే పైవాళ్ళు ఒప్పుకోవట్లేదు." కప్పులో మిగిలిన టీ పారబోసింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా హైమకి ఓపిక లేకపోయింది.

ఆ వారంలోనే అది జరిగింది. స్కూళ్ళకి వానల సెలవు. తెర మీద బొటనవేలు బేరం నిద్రపోతోంది. ధర అటూ ఇటూ కదలడం లేదు, ఎర్రగీత ఎక్కడో దూరంగా ఉంది. హైమ కునికిపాటు పడబోయింది. అంతలో బొటనవేలు చల్లబడింది. చల్లబడటం కాదు, చెయ్యి మొత్తం కొయ్యబారిపోయింది. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించి తిప్పినట్టయి కుర్చీలోంచి పైకి లేచిపోయింది. అంత భయం ఆమె ఎన్నడూ మోయలేదు. కళ్ళు తెరిచి తెర చూసింది. ధర చెక్కుచెదరలేదు.

"ఏమైందే? పడిపోయిందా?" అంది రత్నం.

"లేదక్కా. ఏం పడలేదు. ఎందుకు భయపడ్డాడో తెలీట్లేదు."

ఫోన్లు గది బయట బల్ల మీద పెట్టి రావాలి. టీకి లేచినప్పుడు చూసుకుంటే శోభనాద్రి నుంచి కాల్ వచ్చి ఉంది. తిరిగి చేస్తే అతని గొంతు తాపీగా వినిపించింది. "ఏం లేదు హైమా. కాలవగట్టు మీద బండి జారింది. చిన్మయికి కాస్త తగిలింది. క్లినిక్‌లో ఉన్నాం. నువ్వు పని చూసుకునే రా, కంగారేం లేదు."

కాస్త తగలడమంటే పిల్ల తల వెనక వేలు పట్టేంత చీలిపోవడం. కుర్చీ ఇంకొకరికి అప్పజెప్పి హైమ వెళ్ళేసరికి కుట్లు వేస్తున్నారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. గౌను భుజం దాకా ఎర్రగా తడిసింది. శోభనాద్రి పక్కనే కూర్చుని, ఒక చేత్తో పిల్ల కాలు నిమురుతూ, ఇంకో చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు. మొహంలో చిరునవ్వుంది.

"ఏంటండీ అది? పిల్ల అట్టా ఏడుస్తుంటే?"

"తగ్గిపోద్దిలే. డాక్టర్ గారున్నారుగా."

ఆ చిరునవ్వు చూస్తే హైమకి ఒళ్ళు జలదరించింది. పదేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి చూసి భయపడటం అదే మొదలు. పిల్ల చెయ్యి చాచి "అమ్మా" అని అరిచింది. ఏం చెయ్యాలో తోచక హైమ అతని చొక్కా చెయ్యి పైకి లాగింది.

"ఆ తాయెత్తు తీయండి. దీనికి కడదాం. ఇదన్నా కాస్త తెప్పరిల్లుద్ది."

"వద్దు హైమా."

"తీయండంటే!"

ముడి తానే లాగేసింది. తాయెత్తు ఆమె చేతిలోకి వచ్చింది. గొట్టం వేడిగా ఉంది.

శోభనాద్రి చిరునవ్వు అలాగే కాసేపు మొహాన ఉండి, తర్వాత ఎటో పోయింది. కుర్చీ అంచు పట్టుకున్నాడు. పిల్ల తల వైపు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "రక్తం... హైమా, దానికి రక్తం కారుతోంది" అన్నాడు. పెదాలు పాలిపోయాయి. ఎడమ బొటనవేలిని కుడిచేతి గుప్పిట్లో బిగించి నలుపుకోవడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన కొత్తలోనే చూసింది ఆ అలవాటు. ఎప్పుడో డైనమో బెల్టులో పడి నలిగిన వేలు అది. కంగారు పుడితే ఆ వేలు చల్లబడుతుందా అని ఆమె ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఇప్పుడూ లేకపోయింది. ఆ చల్లదనం ఆమెకి కంఠతా వచ్చు.

 ఆమె తేరుకునేలోగా అతను ఆమె చేతిలోంచి తాయెత్తు లాక్కుని, వణికే వేళ్ళతో, పళ్ళతో ముడి బిగించి కట్టేసుకున్నాడు. నిమిషంలో శ్వాస కుదుటపడింది. చిరునవ్వు మళ్ళీ వచ్చి మొహాన కూర్చుంది.

మర్నాడు పొద్దున, పిల్ల మందుల మత్తులో పడుకుని ఉండగా, హైమ అతని ఎదురుగా కూర్చుంది.

"మీరు అభయలో ఖాతా తీశారు."

"నీ నోటెంటే విన్నాగా ఆ సంగతి" అన్నాడతను, దోసె తుంచుకుంటూ, ఏ తప్పూ చెయ్యనివాడిలా. "నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. షాపు అడ్వాన్స్‌కి పెట్టుకున్న డబ్బే. బానే ఉంది."

"బాలేదు. ఎంత పెట్టారో, ఎక్కడ గీత గీశారో నాకు తెలుసు. మీ భయం మోస్తున్నది నేనే."

దోసె ముక్క నోటి దగ్గర ఆగింది. అంతే. ఇదివరకటి శోభనాద్రి అయితే కంచం ముందునుంచి లేచిపోయేవాడు. "నువ్వా?" అన్నాడు, వింతైన వార్త విన్నట్టు. "అట్టయితే మరీ మంచిదే గదా. పరాయివాళ్ళకెందుకు?"

"నిన్న పిల్ల పడిపోయినప్పుడు కూడా నాకే వచ్చింది. మీకేమీ అనిపించలేదు. అసలు అది పడిందని నాకు తెలీకుండానే దానికోసం నేను చచ్చి బతికా."

"ఇప్పుడు బానే ఉందిగా అది."

"తీసేయండి దాన్ని. మీ కాళ్ళకి దణ్ణం పెడతా."

అతను కాసేపు ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. "తీస్తే మళ్ళీ ఆ వణుకొచ్చుద్ది హైమా. నిన్న నిమిషంసేపు తట్టుకోలేకపోయా. ఇన్నాళ్ళు మోయకుండా ఉండి ఇప్పుడు మోయమంటే నావల్ల కాదు. సొంత షాపు చూసుకున్నాక తీసేద్దాంలే."

ఏడుపొచ్చింది హైమకి. ఆ మనిషి పిరికితనం మీద ఇన్నేళ్ళు విసుక్కున్న పాపానికి ఇప్పుడు ఆ పిరికివాడి కోసం ఏడ్చింది. పిల్లని పక్కింటావిడకి అప్పజెప్పి, అన్నం తినకుండానే పనికి వెళ్ళింది. వెళ్ళకపోతే ఆ కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెడతారు. వాళ్ళు చెయ్యి అలిసి మీట వదిలేస్తే గీత జారుతుంది.

ఆ రోజు బేరం పొద్దున్నే తెరిచి ఉంది. ఖాతాలో ఉన్నదంతా పెట్టాడు, పైన లెవరేజ్. గీత తాకితే సగం పోయేలా గీశాడు. వందకి రూపాయి అన్న మనిషి! మధ్యాహ్నానికి ధర జారడం మొదలైంది. ఆమె బొటనవేలు చల్లబడింది. తెర మీద కోరిక వెలిగింది. గీత జరపమని. కాదని నొక్కింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ కాదంది. అవతల తాపీగా, చిరునవ్వుతో, టీ తాగుతూ నొక్కుతున్న ఆ వేలు ఆమెకి కనిపిస్తున్నట్టే ఉంది. చివరికి ధర గీతని తాకింది, బేరం తెగింది. అతను కూడబెట్టినదాంట్లో సగం అలా వెళ్ళిపోయింది. పోనీలే, సగమన్నా దక్కిందనుకుని ఆమె ఊపిరి పీల్చుకుంది.

పీల్చుకున్న ఊపిరి వదలకముందే తెర మళ్ళీ వెలిగింది. కొత్త బేరం రాసుకుంటున్నాడు, ఇంకా ఖాయం చెయ్యలేదు. మిగిలిన సగమంతా, పోయినదాన్ని రాబట్టుకోవడానికి. ఈసారి గీతే లేదు.

కొత్త బేరం ఆపే హక్కు మోసేవాళ్ళకి లేదు. గీత లేనిచోట ఆమె కాదనడానికీ ఏమీ లేదు. హైమ తలపట్టీ పీకేసి, మేడమ్ గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే మొత్తం చెప్పింది. తాయెత్తు, పిల్ల, బొటనవేలు, ఇప్పుడీ బేరం. వకుళ వింటూనే లేచి తలుపు వేసింది. బేరాల భయం ఒక్కటే వడగట్టి తెచ్చే జల్లెడ తన దగ్గర లేదని ఆవిడకి ఎప్పట్నించో అనుమానం. ఎవరూ వచ్చి చెప్పకూడదని మాత్రం కోరుకుంది.

"తిరగెయ్యండి మేడమ్" అంది హైమ. "ఆయనది ఆయనకి పంపెయ్యండి. ఇందాకటిదాకా నాలో చేరిందంతా."

"పంపొచ్చు. ఒకసారి పంపితే ఆ తాయెత్తు మళ్ళీ పని చెయ్యదు, ఖాతా కూడా మూతపడుతుంది. కానీ నేనిది ఎవరి మీదా చెయ్యలేదు." "నీలో ఉన్న భయంలో ఏది అతనిదో ఏది నీదో యంత్రానికి తెలీదు హైమా."

"నాకూ తెలీట్లేదు మేడమ్."

వకుళ ఆమెని తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. తలకి పట్టీ తగిలించింది. పని మొదలయ్యాక పెద్ద బాధేమీ తెలియలేదు. తలమీంచి నీళ్ళు పోసుకుంటుంటే మురికి దిగిపోతున్నట్టు, భుజాల నుంచి, మెడ నుంచి, పొట్ట అడుగు నుంచి ఏదో జారిపోతూ ఉంది. ఎంతసేపు పోతుందో ఆమెకే ఆశ్చర్యమైంది. చివరికి బొటనవేలు వెచ్చబడింది.

"ఎలా ఉంది?" అంది వకుళ.

"బాగుంది మేడమ్" అంది హైమ. నిజంగానే బాగుంది.

వాన వెలిసింది. ఆటోనగర్ వీధుల్లో వెల్డింగ్ రవ్వలు కాళ్ళ దగ్గర రాలి పడుతుంటే ఎంత అందంగా ఉన్నాయో అనుకుంటూ, వాటి మధ్యలోంచే నడిచి మొగుడు పనిచేసే షాపుకి వెళ్ళింది. షాపు యజమాని ఎక్కడికో వెళ్ళాడు. రాగి తీగ చుట్టలకి అవతల, నూనె మరకల నేల మీద శోభనాద్రి మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. తాయెత్తు తెంచి పారేశాడు. ఒళ్ళంతా వణుకుతోంది.

"చిన్మయి ఏది?" అన్నాడు ఆమెని చూడగానే.

"పక్కింటావిడ దగ్గరుందండీ. బాగానే ఉంది."

"గట్టు మీద బండి జారినప్పుడు అది ఎగిరి పడింది హైమా. ఆ రాయి కణతకి అంగుళం దూరంలో తగిలింది. అంగుళం! నేను నవ్వుకుంటా లేపాను దాన్ని." ఏడుస్తున్నాడు. నిన్నటి భయం ఇవాళ పట్టుకుంది అతన్ని. "బేరం తీసేశా. ఇంకా కొనలేదులే, ఆఖరి మీట నొక్కబోతుంటే చెయ్యి పడిపోయింది. మిగిలిన సగం ఉంది."

"పోనీండి. లేవండి, ఇంటికి పోదాం."

అతను లేవలేదు. పక్కనే స్టాండ్ వేసున్న స్కూటర్ వైపు చూసి చటుక్కున మొహం తిప్పుకున్నాడు.

"ఇందాక ఆ బండి అద్దంలో నన్ను నేను చూసుకున్నా. నా మొహం చూస్తే నాకే గుండె జారిపోయింది. మిగతా భయాలన్నీ నావేనని తెలుస్తోంది. ఇదొక్కటీ నాది కాదు. మనిషెవడన్నా తన మొహానికి తను భయపడతాడా?" తలెత్తి చూశాడు. "నీదా హైమా? నేనంటే భయపడ్డావా?"

అబద్ధం చెబుదామనుకుంది గానీ, అబద్ధమాడటానికి కూడా కాస్త భయం కావాలి. ఆమె దగ్గర అది లేదు.

"నిన్న క్లినిక్‌లో. మీరు నవ్వుతుంటే."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. హైమ పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. అతని మీద జాలి ఉంది, ప్రేమ ఉంది. రేపేమవుతుందో అన్నది మాత్రం ఎక్కడ వెతికినా దొరకలేదు. ఖాతాలో పోయిన సగం, పిల్ల తల మీద కుట్లు, తన ఉద్యోగం. ఒక్కొక్కటీ తలుచుకుని చూసింది. అన్నీ ఎవరో చెప్పిన కబుర్లలా ఉన్నాయి.

స్కూటర్ నడపడం అతనివల్ల కాలేదు. నడిచే బయల్దేరారు. బందరు రోడ్డు దాటాలి. సాయంత్రం వేళ లారీలూ బస్సులూ ఒకదాని వెనక ఒకటి పరుగెడుతున్నాయి. హైమ మాట్లాడుతూనే రోడ్డు మీదికి అడుగేసింది. లారీ వస్తున్నది చూసింది కూడా. చూసినా కాలు ఆగలేదు, ఆగాలని అనిపించలేదు. శోభనాద్రి పెద్ద కేక పెట్టి ఆమె జబ్బ పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ బురదలో పడ్డారు. లారీ హారన్ దూరమయ్యేదాకా అతను ఆమెని వదల్లేదు.

"చూసుకోవా? కళ్ళు లేవా నీకు?" అని అరిచి, ఆమె మొహంలోకి చూసి ఆగిపోయాడు. ఆమె కొంగుకి అంటిన బురద దులుపుకుంటోంది. "హైమా... భయమెయ్యలేదా నీకు?"

ఆమె ఓపిగ్గా లోపలంతా వెతుక్కుంది, అతనికి నిజం చెప్పాలి కదా అని.

"లేదండీ."

అతను లేచి, ఆమెని లేపి, మణికట్టు దగ్గర రెండు చేతులతో పట్టుకున్నాడు. వాహనాల మధ్య సందు దొరికింది, అతను అడుగెయ్యలేకపోయాడు. ఇంకో సందు వచ్చింది, పోయింది. ఇద్దరి ప్రాణాలకీ, ఇంటి దగ్గరున్న మూడో ప్రాణానికీ భయపడాల్సింది ఇక తనొక్కడే అని అతనికి అర్థమైనట్టుంది. వేళ్ళు నొప్పి పుట్టేలా బిగిశాయి. దీపాలు వెలుగుతున్నాయి. అతను అటూ ఇటూ, మళ్ళీ అటూ చూస్తూనే ఉన్నాడు. హైమ అతని భుజానికి తల ఆనించి నిలబడింది. ఎన్ని నెలల తర్వాతో, ఆమెకి కమ్మగా నిద్ర ముంచుకొస్తోంది.